గంజాయియు నున్మాదమును

"గంజాయివనములో తులసిమొక్క" యను సామెత నెరుగని తెలుగువారుండరు. దుర్జనుల నడుమ నొక సజ్జనుడు కానవచ్చినప్పుడు మన పెద్దలీ మాటను వాడుదురు. ఈ సామెతలో తులసికెంత గౌరవము లభించినదో గంజాయికంత యపకీర్తి లభించినది. గంజాయి త్రాగినవాడు పిచ్చివాడగుననుట మనలో బహుకాలముగ నున్న నమ్మకము. ఇటీవల దీనికి సరిగ నెదురుగ, ఇది ప్రకృతి యిచ్చిన యొక మూలిక మాత్రమే యనియు, దీనివలన దేహమునకుగాని మనస్సునకుగాని హాని లేదనియు వాదించు యువకులు బయలుదేరినారు. ఈ రెండు మాటలలో నేది నిజము?

నేను జీవితమంతయు బడిపిల్లలకు పాఠములు చెప్పినవాడను; వైద్యుడను గాను. కాని తర్కశాస్త్రము చదువుకొన్న రోజులలో మా గురువులొక మాటను మరలమరల చెప్పుచుండిరి: "ఏది నిజమని యడుగుటకు ముందు, అది నీకెట్లు తెలిసినదని యడుగుము." ఇప్పటికి 130 ఏండ్లకు పూర్వము, గంజాయి విషయమున నీ ప్రశ్ననే యడిగిన విచారణ సంఘమొకటి మన దేశమున నేర్పడెను. దాని చరిత్రను శ్రోతలకు వివరించి, ఆ తరువాత శాస్త్రజ్ఞులు కనుగొన్న విషయములతో దానిని పోల్చి చూపుట నేటి నా ప్రసంగోద్దేశము.

మొదట మొక్కను గూర్చి నాలుగు మాటలు. గంజాయి మొక్కలలో ఆడ, మగ వేరువేరుగ నుండును. ఆకులను నూరి పానీయముగనో లేహ్యముగనో సేవించునది భంగు. ఆడ మొక్క పూతకొసలను, వాని జిగురుతో సహా యెండబెట్టి చిలుములో వేసి పీల్చునది గంజాయి. జిగురును మాత్రము వేరుచేసి ముద్దగ కట్టినది చరసు. ఈ మూటిలో భంగు మిక్కిలి బలహీనము, చరసు మిక్కిలి బలిష్ఠము. వంగదేశమున రాజషాహీ జిల్లాలోని నౌగావ్ ప్రాంతమున పూర్వము గంజాయిని ప్రభుత్వపు అనుమతితో పండించుచుండిరి. అక్కడ పోద్దారు లను నేర్పరులు చేనిలో తిరిగి, మగ మొక్కలను గుర్తించి, అవి పుప్పొడి రాల్చకముందే పెరికివేయించుచుండిరి. అట్లు చేసినచో ఆడ మొక్క గింజకట్టక జిగురును విశేషముగ నూర్చును. మన వైపున అప్పటి కృష్ణాజిల్లాలో చేరియున్న బాపట్ల తాలూకాయందును గంజాయి సాగుండెను. కావున ఈ కథ మనకు కేవలము పరాయిది కాదు.

ప్రాచీన గ్రంథములలో భంగయన్న పేరు మొదట మత్తుపదార్థముగ గాక పైరుగ కనబడుట గమనింపదగినది. పాణిని తన వ్యాకరణమున పైరులను బట్టి పొలములకు పేర్లేర్పడు విధమును చెప్పుచు, నువ్వులు, మినుములు, అవిసెలు మొదలగు వానితో పాటు భంగను పేర్కొనెను. అమరసింహుడు దీనికి మాతులాని యను పర్యాయపదమిచ్చి, వైశ్యవర్గమున నవిసెల ప్రక్కన నిలిపెను. అనగా నారకును గింజకును వేసెడి పైరులలో నిదియొకటి. అథర్వవేదమున ఆర్తినుండి విడిపింపుడని ప్రార్థింపబడిన యైదు మొక్కలలో దర్భ, యవలతో పాటు భంగయు కలదు. ఆ మంత్రమును చూపి, వేదకాలపు ఋషులు భంగు త్రాగిరని వాదించువారున్నారు. మంత్రమున త్రాగుట మాటయే లేదు. ఉన్నదానిని మించి చెప్పుట పండితధర్మము కాదు.

మత్తుగుణమును స్పష్టముగ చెప్పినవారు మన మధ్యకాలపు వైద్యులు. శార్ఙ్గధరుడు ఔషధములను వర్గీకరించుచు, జీర్ణము కాకమునుపే దేహమంతటను వ్యాపించి, ఆ పిమ్మట పాకమునొందు ద్రవ్యమునకు "వ్యవాయి" యని పేరు పెట్టి, భంగను నల్లమందును దానికుదాహరణములుగ చూపెను. 16వ శతాబ్దమున భావమిశ్రుడు తన భావప్రకాశమున భంగకు గుణములు చెప్పుచు, ఇది కఫమును హరించును, తేలికయైనది, తీక్ష్ణము, ఉష్ణము, పిత్తమును పెంచునది యని దేహధర్మములను చెప్పి, మోహమును, మదమును, వాక్కును, జఠరాగ్నిని వృద్ధి చేయునని ముగించెను. మోహము, మదము, వాక్కు, ఆకలి: ఈ నాలుగింటిని శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను. ముందు వీనితో పనియున్నది.

అదే శతాబ్దమున గోవాలో నివసించిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో ప్రకటించిన తన సంభాషణ గ్రంథమున భంగును గూర్చి వ్రాసెను. తన యింటి సేవకులు దీనిని తిని, పని శ్రమ తెలియకుండుననియు, మనసుల్లాసముగ నుండుననియు, ఆకలి పుట్టుననియు తనకు చెప్పిరట. గుజరాతు సుల్తాను బహదూర్ షా, పోర్చుగీసు సేనాని మార్టిం అఫోన్సో డి సౌసాతో, రాత్రివేళ తనకు పోర్చుగల్లునకో, బ్రెజిలునకో, తురుష్క దేశమునకో, అరేబియాకో, పారసీకమునకో పోవలెనని బుద్ధి పుట్టినచో, కొంచెము భంగు సేవించిన చాలునని చెప్పెనట. భావమిశ్రుడు మోహమన్న దానిని సుల్తాను యాత్రయన్నాడు, వస్తువు మాత్రమొకటియే.

దీనిని పరీక్షకు పెట్టిన మొదటి పాశ్చాత్య వైద్యుడు కలకత్తా వైద్యకళాశాలలో ఆచార్యుడుగ నుండిన విలియమ్ బ్రూక్ ఓషానెస్సీ. ఈయన 1839లో ప్రకటించిన వ్యాసమున, మొదట జంతువులకిచ్చి చూచిన ఫలితములను వ్రాసెను. చేపలు, కుక్కలు, పిల్లులు, పందులు, రాబందులు, కాకులు త్వరలోనే మత్తునొందినవి. గుఱ్ఱము, లేడి, మేక, గొఱ్ఱె, ఆవు మున్నగు తృణభక్షకములకు మార్పు స్వల్పము. పిమ్మట నాయన రోగులకిచ్చెను. కీళ్లవాతముతో బాధపడు నొక రోగికి మధ్యాహ్నము 2 గంటలకు గంజాయి జిగురొక గ్రెయిను తూకమిచ్చిరి. 4 గంటలకు వాడు మిక్కిలి వాగుచు, పాటలు పాడుచు, అన్నమింకను తెండని కేకలు వేయుచు, తనకు రోగమంతయు కుదిరినదని చెప్పసాగెను. 6 గంటలకు నిద్రించెను. 8 గంటలకు వాడు స్మృతి లేక పడియుండగా, చేయి పైకెత్తిన నెత్తినట్లే నిలిచియుండెను. తరువాత తెలివివచ్చి యే హానియు లేక లేచెను. శ్రోతలు గమనింపుడు: వాక్కు, ఆకలి, మదము, మోహము. భావమిశ్రుడు శ్లోకమున చెప్పిన నాలుగును ఓషానెస్సీ గడియారమును చేతబట్టుకొని చూచిన నాలుగును నొక్కటియే. ధనుర్వాతమునను, పసిపిల్లల మూర్ఛలయందును ఈ మందు బాధను తగ్గించినదని యాయన వ్రాసెను. వెర్రికుక్క కాటువలన జలభీతి పొందిన రోగి మరణించెనేగాని, తుదిదశలో వాని యాతన యుపశమించెనట. అయితే దీనినెడతెగక సేవించువారికొక విధమగు చిత్తభ్రాంతి కలుగుననియు నాయన హెచ్చరించెను.

ఇది యొక వైద్యుడు రోగి ప్రక్కన కూర్చుండి చూచిన జ్ఞానము. ఇక కచేరీలలో పుట్టిన జ్ఞానమును చూతము.

19వ శతాబ్దపు ఉత్తరార్ధమున బ్రిటిషు ప్రభుత్వమువారు దేశమంతట పిచ్చాసుపత్రులు నెలకొల్పిరి. మన చెన్నపురి రాజధానిలో మదరాసు, విశాఖపట్టణము, కళ్లికోటలయందివి యుండెను. ప్రతి యాసుపత్రియు నేటేట నొక పట్టికను పంపవలెను. ఆ పట్టికలో "ఉన్మాదకారణము" అని యొక గడియుండెను. ఏటికేడు ఆ గడిలో "గంజాయి" యను మాట పెక్కు పేర్లకెదురుగ కనబడజొచ్చెను. పట్టికలను చూచిన పై యధికారులు గంజాయి దేశమును పిచ్చిదానిగ చేయుచున్నదని తలచిరి. 1873లో భారత ప్రభుత్వమువారొక తీర్మానమున, నిత్యము గంజాయి సేవించుట ఉన్మాదమునకు దారితీయుననుటలో సందేహము లేదని వ్రాసిరి. ఈ మాట ఇంగ్లండునకు పోయెను. మద్యపాన నిషేధోద్యమమున ప్రసిద్ధుడైన విలియమ్ స్ప్రోస్టన్ కెయిన్ 1893 మార్చి 2వ తేదీన కామన్సు సభలో దీనిని గూర్చి ప్రశ్నించెను. దాని ఫలితముగ ఆ యేటి జూలైలో భారత ప్రభుత్వమువారొక విచారణ సంఘమును నియమించిరి.

ఈ సంఘమునకు మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు. సభ్యులలో ముగ్గురు భారతీయులు: వంగదేశమున తాహిర్‌పూరు రాజా శశిశేఖరేశ్వర రాయ్, కపూర్తలా వంశీయుడగు కన్వర్ హర్నామ్ సింగ్, ముజఫర్‌నగరు వాస్తవ్యుడు లాలా నిహాల్ చంద్. 1893 ఆగస్టు 3వ తేదీన కలకత్తాలో మొదట సమావేశమైరి. 70 ప్రశ్నలు సిద్ధపరచి దేశమంతట పంపిరి. 1,193 మంది సాక్షుల వాఙ్మూలములు తీసికొనిరి. తుదకు వారి నివేదిక, సాక్ష్యములతో కూడి, ఏడు సంపుటములై 3,000 పుటలకు మించెను.

సాక్షులలో పెక్కుమంది వైద్యులు గంజాయి పిచ్చి పుట్టించునని నిస్సంశయముగ చెప్పిరి. "మీకెట్లు తెలియును?" అని సంఘమువారడిగిరి. "పిచ్చాసుపత్రుల లెక్కలు చెప్పుచున్నవి" అని ప్రత్యుత్తరము. ఆ లెక్కలు పంపిన ఆసుపత్రి యధికారులనే పిలిచి, "ఈ కారణమును మీరెట్లు నిర్ణయించితిరి?" అని యడుగగా, అసలు సంగతి బయటపడెను. పిచ్చివాడు వీధిలో తిరుగుచుండగా పోలీసులు పట్టి మేజిస్ట్రేటు వద్దకు కొనిపోవుదురు. వానిని గూర్చిన వివరముల కాగితమొకటి యాసుపత్రికి వచ్చును. అందులో కారణపు గడి యుండును. దానిని "తెలియదు" అని విడుచుట పైవారికిష్టము లేదు. బంధువులు దూరమున నుందురు, వంశచరిత్ర యెరిగినవారుండరు. కనుక విచారించిన పోలీసు, వీడు గంజాయి త్రాగునా యని యడుగును. త్రాగునని యెవరైన ననినచో గడి నిండును. ఆసుపత్రి గుమాస్తా ఆ మాటను పుస్తకమున కెక్కించును. వైద్యుడు పుస్తకమును చూచి పట్టిక వ్రాయును. ప్రభుత్వము పట్టికను చూచి తీర్మానము వ్రాయును. బయటి వైద్యుడు తీర్మానమును చూచి తన యభిప్రాయము నేర్పరచుకొనును. ఈ మహావృక్షమునకు మూలము చూడబోయినచో, తెలియని మనుష్యుని గూర్చి తెలియని మనుష్యుడు చెప్పిన మాట!

సంఘమువారంతటితో నూరకుండలేదు. 1892లో ఆసుపత్రులలో చేరినవారు 1,344 మంది. వారిలో 222 మంది గంజాయివలన పిచ్చివారైరని పట్టికలు చెప్పుచుండెను. ఆ 222 మందిని గూర్చియు నొక్కొక్కరి గ్రామమునకు మనిషిని పంపి, బంధువులను, ఇరుగుపొరుగు వారిని విచారింపించిరి. కొందరి వంశములో నున్మాదముండెను. కొందరికి రోగము ముందు వచ్చి అలవాటు పిదప వచ్చెను. కొందరు మద్యమునో నల్లమందునో కూడ వాడిరి. ఈ వడబోత యనంతరము, గంజాయి యొక కారణమని యొప్పుకొనదగినవారు 98 మంది, అనగా నూటికి 7.3 వంతున మాత్రమే మిగిలిరి. అందులో గంజాయి తప్ప మరియొక కారణము కానరానివారు 61 మంది, అనగా నూటికి 4.5 వంతున. ఇంతేకాక, కలకత్తాలో కన్నింగ్‌హామ్ అను వైద్యునిచే కోతికి కొన్ని నెలలపాటు గంజాయి పొగ పట్టింపించి, మెదడు పరీక్షింపించిరి. గంజాయివలన మెదడున గాయముగాని వికారముగాని కనబడలేదు.

తుదకు సంఘమువారు తేల్చినదిది. మితముగ సేవించువారికి దేహమున చెప్పుకొనదగిన హాని లేదు, మనస్సునకును లేదు. అమితముగ సేవించినచో దేహబలము క్షీణించి రోగములకు లోబడును. అమితముగ పీల్చుటవలన శ్వాసనాళముల వాపు కలుగవచ్చును. అమితసేవనము ఉన్మాదమునకును దారితీయవచ్చును, ముఖ్యముగ స్వభావమున మనోదౌర్బల్యముగాని వంశపారంపర్యదోషముగాని యున్నవారికి. నేరములకు గంజాయికి గల సంబంధము స్వల్పము. కావున పూర్తిగ నిషేధింపక, సాగును అమ్మకమును కట్టుదిట్టము చేసి, పన్నుతో వాడుకను తగ్గింపుడని సలహా యిచ్చిరి.

ఇందులకందరు సభ్యులును సమ్మతింపలేదు. శశిశేఖరేశ్వర రాయ్, లాలా నిహాల్ చంద్ అనువారిద్దరు భిన్నాభిప్రాయములు వ్రాసిరి. సంఘము కనుగొనినదానికన్న హాని యెక్కువయని వారి తలంపు. ఆనాటి ప్రభుత్వమునకు గంజాయిపై అబ్కారీ రాబడి యుండినదనుటయు మరువరాదు. సాక్షులలో ఉద్యోగులు, ఉన్నతవర్గములవారు అధికులు. చిలుము చేతబట్టినవారు తక్కువ. ఈ లోపములున్నను, ప్రసిద్ధమైన నమ్మకమును దాని పుట్టుకవరకు వెంబడించి పరిశీలించిన సాహసమును మెచ్చుకొనక తప్పదు. కాకి వ్రాలగనే తాటిపండు పడినంతమాత్రమున కాకి బరువే కారణమనరాదని మన కాకతాళీయన్యాయము చెప్పుచున్నది. ఆ న్యాయమును 222 మంది విషయమున నాచరణలో పెట్టినవారు వీరు.

అయితే కథ యిచట ముగియలేదు. 1894 నాటి నివేదికను చూపి "గంజాయి నిర్దోషియని నాడే తీర్పయినది" అని నేడు కొందరు చెప్పుచున్నారు. ఆ నివేదిక అట్లు చెప్పలేదు. మఱియు నాడు తెలియనివి నేడు మూడు తెలిసినవి.

మొదటిది, మత్తు పుట్టించు ద్రవ్యము. 1964లో ఇజ్రాయెలు దేశమున గావోనీ, మెషూలమ్ అను శాస్త్రజ్ఞులు గంజాయి జిగురునుండి దానిని శుద్ధముగ వేరుచేసిరి. దానిని సంక్షేపముగ టి.హెచ్.సి. అందురు. 1988లో మెదడునందు ఈ ద్రవ్యమును గ్రహించు ప్రత్యేక స్థానములున్నవని రుజువయ్యెను. 1992లో మెదడు తానే యుత్పత్తి చేసికొనెడి తత్సమానమగు పదార్థమును కనుగొని, దానికి మన "ఆనంద" శబ్దమునుండి "ఆనందమైడ్" అని పేరుపెట్టిరి. అనగా మెదడునందు మొదటినుండి యున్న తాళమునకు గంజాయి మారుతాళపుచెవి వంటిది. జ్ఞాపకమును నిలుపు భాగమునను, అవయవముల కదలికను సరిచేయు భాగములందును ఈ స్థానములెక్కువ. కావుననే మత్తులోనున్నవానికి చెప్పబోవు మాట నడుమ జారిపోవును, కాలము సాగినట్లు తోచును, అడుగు తడబడును. వాహనము నడపుట యపాయకరము. ఊపిరిని నడపు భాగమున నివి చాల తక్కువ. కావుననే నల్లమందువలె ఊపిరి స్తంభింపజేసి చంపుట దీని స్వభావము కాదు. గుండె వడిగ కొట్టుకొనును, కన్నులెఱ్ఱబారును, నోరెండును, ఆకలి హెచ్చును. పీల్చినచో నిమిషములలో ప్రభావము చూపి కొన్ని గంటలుండును. తినినచో అరగంటకో రెండు గంటలకో మొదలై బహుసేపుండును. ఇంకను పట్టలేదని మరల తినుటవలన పెక్కుమంది భయభ్రాంతులకు లోనగుదురు. చిరకాలము పీల్చువారికి దగ్గు, కఫము, శ్వాసనాళముల వాపు వచ్చును. మితిమీరి వాడువారిలో కొందరికి విడువని వాంతులు పట్టుకొనుననియు 2004లో వైద్యులు గుర్తించిరి.

రెండవది, పదార్థపు బలము. అమెరికాలో పట్టుబడిన సరకును పరీక్షింపగా 1995లో నూటికి 4 వంతులుగ నున్న టి.హెచ్.సి. 2014 నాటికి నూటికి 12 వంతులయ్యెను. నౌగావ్ పోద్దారుల నేర్పు నేడు శాస్త్రమై, గింజలేని పూతను గాజుగదులలో పెంచుచున్నారు. సంఘమువారు చెప్పిన మితము నాటి పదార్థమునకు మితము. పేరొకటియైనంతమాత్రమున కొలత యొకటి కాదు.

మూడవది, మనుష్యులను చిరకాలము వెంబడించి చూచిన పరిశీలనలు. స్వీడన్ దేశమున 1969–70లో సైన్యమున చేర్చుకొనిన 45,570 మంది యువకులను 15 ఏండ్లు గమనించి, 1987లో ఫలితము ప్రకటించిరి. 50 మార్లకు మించి గంజాయి వాడితిమని చెప్పిన వారిలో, స్కిజోఫ్రీనియా యను తీవ్రమానసికవ్యాధి, వాడనివారికన్న ఆరురెట్లుగ కనబడెను. ఇందులో కొంత యితర కారణములచే నగుననియు వారే యొప్పుకొనిరి. 2019లో ఐరోపాలోను బ్రెజిలులోను 11 చోట్ల జరిపిన పరిశీలనలో, బలమైన గంజాయిని దినదినము వాడువారికి తీవ్రోన్మాదము వచ్చు నవకాశము వాడనివారికన్న నించుమించు అయిదు రెట్లుగ తేలెను. ఒకసారియైన వాడినవారిలో నూటికి 9 మంది దానికి వశులగుదురనియు, చిన్నతనమున మొదలిడినవారిలో ఆరుగురికొకడు వశుడగుననియు లెక్కించినారు. అట్టివారు మానినచో నిద్ర పట్టదు, కోపమధికమగును, అన్నము సహింపదు.

దీనివలన 1894 నాటి తీర్పు తారుమారైనదా? నా యభిప్రాయమున తారుమారు కాలేదు, పూర్తియైనది. తర్కము చదివినవారికి "ఉపాధి" యను మాట తెలియును. నిప్పున్నచోట నెల్ల పొగయుండునా? ఉండదు. ఎఱ్ఱగ కాల్చిన యినుపగుండున నిప్పుండును, పొగయుండదు. నిప్పుతో తడికట్టె చేరినప్పుడే పొగ. ఆ తడికట్టెయే ఉపాధి. గంజాయి నిప్పు, ఉన్మాదము పొగ, వంశపారంపర్యముగనో స్వభావముననో యుండు దౌర్బల్యము తడికట్టె. కనుక గంజాయి త్రాగిన ప్రతివాడును పిచ్చివాడగుననుట యసత్యము. మా స్నేహితులు త్రాగియు బాగుగనున్నారు గావున నెవ్వరికిని హాని లేదనుటయు నసత్యమే. భేదమొక్కటి: కట్టె తడిసినదో లేదో చేతితో ముట్టి తెలిసికొనవచ్చును. మనుష్యునియందలి తడి, నిప్పు తగిలి పొగ లేచువరకు వానికే తెలియదు. ఎదుగుచున్న మెదడు గల 15, 16 ఏండ్ల బాలుని విషయమున నీ యజ్ఞానము మిక్కిలి ప్రమాదకరము.

ఇచట తలిదండ్రులకొక మాట. నేను పనిచేసిన దినములలో, చక్కగ చదువు పిల్లవాడొకడు క్రమముగ మాటలాడుట మానెను, తనలో తాను నవ్వుకొనసాగెను. ఇంటివారు గంజాయి పట్టినాడని నిశ్చయించి, కొట్టిరి, గదిలో పెట్టిరి. పిల్లవాడు దానిని ముట్టనే లేదని తెలియుటకు సంవత్సరము పట్టినది. వైద్యమున కా సంవత్సరము నష్టమైనది. వానికి వచ్చినది కేవలము రోగము. ఆనాటి పోలీసువారు కాగితమున గడిని నింపినట్లే, మన యిండ్లలో మనమును కారణపు గడిని తొందరపడి నింపుచున్నాము. పిల్లవాడు గంజాయి వాడినను వాడకున్నను, మనస్సు చెదరినప్పుడు కారణమును గూర్చి పోరాడుటకు ముందు వైద్యుని చూపుట కర్తవ్యము. వాడినవాడైనచో నిందించుటవలన వాడు దాచుట నేర్చుకొనును, చికిత్సకు రాడు.

మన దేశమున 1985 నాటి చట్టము గంజాయిని చరసును నిషేధించినది. పూతలేని యాకులను మాత్రము ఆ నిర్వచనమునుండి మినహాయించినది. కావుననే కొన్ని రాష్ట్రములలో భంగు నేటికిని అమ్ముడుపోవుచున్నది. 2019లో ప్రకటించిన జాతీయ పరిశీలన ప్రకారము, ఒక సంవత్సరకాలములో గంజాయి, భంగు, చరసులలో నేదైన వాడినవారు సుమారు 3 కోట్ల 10 లక్షలమంది; వీరిలో సుమారు 72 లక్షలమందికి వైద్యసహాయమవసరము. మన విశాఖ మన్యపు కొండలలో రహస్యముగ సాగిన గంజాయి పైరు అనేకులగు గిరిజనులను కారాగారముల పాలు చేసినది. అదే మొక్కలోని మత్తులేని మరియొక ద్రవ్యము, పసిపిల్లల తీవ్రమైన మూర్ఛలకు మందుగ 2018లో అమెరికాలో నంగీకారము పొందినది. ఓషానెస్సీ కలకత్తాలో ప్రయత్నించిన దానికి 179 ఏండ్ల పిమ్మట లభించిన సమాధానమిది.

ఈ మొక్క యమృతమును గాదు, కేవలము విషమును గాదు. భావమిశ్రుడు గుణదోషముల నొక్కచోటనే చెప్పెను. విచారణ సంఘమువారు భయమునకు హద్దు నిర్ణయించిరి. నేటి శాస్త్రజ్ఞులు ధైర్యమునకు హద్దు నిర్ణయించిరి. యువకులారా, నిర్భయముగ ప్రశ్నింపుడు. కాని తడికట్టె పరీక్షను మీ మెదడుపై చేసికొనకుడు. పెద్దలారా, గడి నింపుటకు ముందు విచారింపుడు. ఇంతమాత్రము చెప్పి విరమించుచున్నాను.